తాళపుచెవి ఎవరిది?

సమస్త చరాచరములకు స్వామి శ్రీమన్నారాయణుడొక్కడే యనియు, జీవులందరు ఆయనకు శేషభూతులే యనియు శ్రీవైష్ణవ సిద్ధాంతము బోధించుచున్నది. తిరుమంత్రార్థమును పెద్దలు వివరించునప్పుడు, నేను నాకు చెందినవాడను కాననియు, నాది యని చెప్పుకొనదగినది నాకేదియు లేదనియు గ్రహింపజేయుట మొదటి మెట్టుగా చెప్పుదురు. ఈ మాటలను మనము అనేక పర్యాయములు వినియున్నాము. అయినను అవి మన హృదయములో ఎంతవరకు దిగినవో తెలిసికొనుటకు వినికిడి చాలదు. చేతిలోనున్న ఒక అధికారమును, అది ఎంత చిన్నదైనను, మరొకరితో పంచుకొనవలసిన దినము వచ్చినప్పుడే అది తెలియును. ఆ అధికారము ఒక రాజ్యము కావచ్చును. ఒక ధర్మకర్త పదవి కావచ్చును. కోవెల తాళపుచెవి కావచ్చును. ఈ కాలమున అది ఒక ఛానెలు పాస్‌వర్డు కూడ కావచ్చును.

ఆలయోత్సవములను, ప్రవచనములను దూరముననున్న భక్తులకు ప్రత్యక్షముగా చూపు ప్రసారమార్గములు నేడు ప్రతి గ్రామమునకు, ప్రతి భజనగోష్ఠికి అందుబాటులోనికి వచ్చినవి. వాటి తాళపుచెవులు ఎవరియొద్ద నుండవలెను? ఎందరియొద్ద నుండవలెను? ఏ నియమముతో నుండవలెను? ఇది యంత్రజ్ఞులకు సంబంధించిన విషయమని భక్తులు దీనిని ప్రక్కకు నెట్టరాదు. పైకి యంత్రవిషయముగా కనబడుచున్నను, లోన ఇది అహంకార మమకారముల విషయమే. కావున దీనిని కొంత నిదానముగా విచారింతము.

దూరమునుండి సేవించు భాగ్యము

భగవత్కళ్యాణమును దూరమునుండి అనుభవించుట తెలుగువారికి కొత్త కాదు. భద్రాచల సీతారాముల కళ్యాణమును ఆకాశవాణి ప్రత్యక్షముగా వినిపించిన దినములలో, ఉషశ్రీ గారి వ్యాఖ్యానమును వినుచు రేడియోల చుట్టు చేతులు జోడించి కూర్చుండిన కుటుంబములు ఎన్నియో కలవు. తరువాత దూరదర్శన్ ఆ దృశ్యమును ఇంటింటికి తెచ్చినది. 2008వ సంవత్సరమున తిరుమల తిరుపతి దేవస్థానముచే శ్రీవేంకటేశ్వర భక్తి ఛానెలు ప్రారంభింపబడినది. ఇవి యన్నియు పెద్ద సంస్థల ప్రసారములు. వాటికి ఉద్యోగులు కలరు, అధికారులు కలరు, నియమావళి కలదు. వాటి తాళములు ఎవరి చేతిలో నున్నవను చింత వినువారికి కలుగలేదు.

2020వ సంవత్సరము మార్చి నెలలో మహమ్మారి కారణముగా తిరుమలలో భక్తుల దర్శనము నిలిపివేయబడినది. జూన్ నెల వరకు అది తిరిగి ప్రారంభము కాలేదు. ఆ ఏటి బ్రహ్మోత్సవములు ఏకాంతముగా జరిగినవి. దేశమంతట కోవెలల తలుపులు మూతబడియున్న ఆ కాలమున, స్వామిని చూడక నిలువలేని భక్తులకొరకు చిన్న చిన్న ఆలయములు, గోష్ఠులు కూడ యూట్యూబు వంటి వేదికలపై సొంత ఛానెళ్లను తెరచుకొన్నవి. ఒక చేతి ఫోను, ఒక త్రిపాది, కొంచెము ఉత్సాహము చాలినవి. తలుపులు తెరచుకొనిన పిమ్మటను ఆ ప్రసారములు నిలిచిపోలేదు. ధనుర్మాసమున ముప్పది దినములు తిరుప్పావై ప్రవచనమును, భోగినాడు గోదాకళ్యాణమును, వైకుంఠ ఏకాదశినాడు ఉత్తరద్వార దర్శనమును మంచము దిగలేని వృద్ధులు ఇంటనే సేవించుచున్నారు. అమెరికాలోను, గల్ఫ్ దేశములలోను ఉన్న తెలుగు కుటుంబములవారు తమ ఊరి పెరుమాళ్లను చూచి ఆనందించుచున్నారు. ఇది సామాన్యమైన ఉపకారము కాదు.

అయితే ఈ ఛానెళ్లలో పెక్కింటిని ఎవరో ఒక యువకుడు, ఆపత్కాలమున, తొందరలో, తన సొంత ఫోను నెంబరుతోను, తన సొంత ఈమెయిలుతోను తెరచియుండును. ఆనాడు అది దోషము కాదు. ఇల్లు కాలుచున్నప్పుడు నీళ్ల బిందె ఎవరిదని ఎవరును అడుగరు. ఏండ్లు గడచిన కొలదిని అచ్చటనే చిక్కుముడి పడుచున్నది.

ఒక గ్రామమును ఊహింతము

ఒక గ్రామమున వేణుగోపాలస్వామి ఆలయము కలదనుకొందము. ఛానెలును తెరచిన యువకుడు ఉద్యోగరీత్యా పరదేశమునకు వెళ్లినాడు. పాత ఫోను నెంబరు ఇప్పుడు వాడుకలో లేదు. ఊరిలో మరొకరికి పాస్‌వర్డు చెప్పినాడు గాని, కొత్త ఫోనునుండి ప్రవేశింపబోయినప్పుడు సరిచూచుకొనుటకై పంపబడు సంకేతసంఖ్య ఆ పాత నెంబరునకే పోవుచున్నది. వైకుంఠ ఏకాదశి తెల్లవారుజామున మేళము మ్రోగుచున్నది, స్వామి ఉత్తరద్వారమున వేంచేయుచున్నాడు, కాని ప్రసారము లేదు. పట్టణమున కుమారుని ఇంటనున్న వృద్ధురాలు ఫోనును చేతబట్టుకొని నల్లని తెరను చూచుచు కూర్చుండినది.

అంతటితో పోయిన బాగుండును. మరునాడు మాటలు బయలుదేరును. అతడు కావలెననియే తాళము తనయొద్ద పెట్టుకొన్నాడని కొందరు, కమిటీవారు అతనిని అవమానించినందువలననే ఇట్లు జరిగినదని మరికొందరు వాదులాడుదురు. ఒక వర్గమువారు మరొక ఛానెలును తెరతురు. రెండు ఛానెళ్లలో రెండు కెమెరాలు ఒకే స్వామిని చూపుచుండును. చూచువారు రెండు పక్షములగుదురు. ఇందు దొంగ ఎవడును లేడు. దుర్బుద్ధి గలవాడును లేడు. తాళపుచెవిని గూర్చి సకాలమున ఆలోచింపకపోవుట ఒక్కటే కారణము. అయినను ఒక గోష్ఠి చీలిపోయినది. భాగవతులలో విభేదము కలిగించుట ఎంతటి అపచారమో మన సంప్రదాయజ్ఞులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్టిదే పెద్ద ఎత్తున పూరీ శ్రీజగన్నాథ క్షేత్రమున జరిగినది. 2018వ సంవత్సరము ఏప్రిల్ నెలలో రత్నభండారమును పరిశీలింపబోగా లోపలి గది తాళపుచెవి కనబడలేదను వార్త వెలువడి ఒడిశా అంతయు కలత చెందినది. విచారణ సంఘము నియమింపబడినది. తుదకు 2024వ సంవత్సరము జూలై 14వ తేదీన లోపలి గదిని తెరువబోయినప్పుడు, ఉన్న తాళపుచెవులతో అది తెరచుకొనక, తాళములను పగులగొట్టవలసి వచ్చినది. అందెవరి దోషమెంత యని నిర్ణయించుట మన పని కాదు. తాళపుచెవి జాడ తెలియకపోయిన మాత్రముననే కోట్ల భక్తుల మనస్సులు ఎంత నొచ్చునో గ్రహించిన చాలును.

తాళములలో భేదములు

ఇక ఈ ప్రసారమార్గముల తాళములు ఎట్టివో కొంచెము తెలిసికొనుట అవసరము. యూట్యూబు ఛానెలునకు ఒకే తాళపుచెవి యుండునని పలువురు భావింతురు. అది నిజము కాదు. అందు అధికారములు అంతరువులుగా ఏర్పరుపబడియున్నవి. ఓనరు ఛానెలును పూర్తిగా తొలగింపగలడు కూడ. మేనేజరు ఇతరులకు అనుమతులను ఇయ్యగలడు, తీసివేయగలడు, ప్రసారములను నడుపగలడు, కాని ఛానెలును తొలగింపలేడు. ఎడిటరు వీడియోలను చేర్చగలడు, ప్రసారమును నడుపగలడు, కాని ఇతరులకు అనుమతులను ఇయ్యలేడు. వ్యూయరు లెక్కలను, వివరములను చూడగలడే గాని మార్పు చేయలేడు. వీరిలో ప్రతి ఒక్కరు తమ తమ సొంత ఖాతాలతోనే ప్రవేశింపవచ్చును. ఒకరి పాస్‌వర్డు మరొకరికి తెలియవలసిన పని లేదు.

ఇవి గాక స్ట్రీమ్ కీ అనునది ఒకటి కలదు. కీ యనగా తాళపుచెవియే. కెమెరానుండి వచ్చు దృశ్యమును ఛానెలునకు చేర్చు రహస్యాక్షరముల వరుస అది. అది ఎవరిచేత బడిన వారు తమ దృశ్యమును మన ఛానెలులోనికి పంపగలరు. ఉత్సవమునకు అద్దెకు వచ్చిన వీడియో పనివారికి దానిని ఇచ్చి, ఉత్సవము ముగిసిన పిదప మార్చకుండుట, కళ్యాణమంటపము తాళపుచెవిని పందిళ్లవారియొద్దనే విడిచి వచ్చుట వంటిది. దానిని మార్చుటకు నిమిషమైనను పట్టదు.

మరియొక సంగతి. ఛానెలు ఒక వ్యక్తి సొంత ఖాతాకు ముడిపడి యున్నచో, అనుమతులను ఎందరికి ఇచ్చినను యాజమాన్యము ఆ వ్యక్తిదే. సంఘము పేర బ్రాండ్ ఖాతాగా ఏర్పరచుకొన్నచో ఒకరికంటె ఎక్కువమంది యజమానులుగా నుండవచ్చును, యాజమాన్యమును మరొకరికి అప్పగింపవచ్చును. ఈ ఒక్క భేదమును ఎరుగకపోవుటవలన కలుగు చిక్కులే ఎక్కువ.

ఒకే పాస్‌వర్డును పదిమంది పంచుకొనుట చూచుటకు ఔదార్యముగా నుండును. కాని అట్లు చేసినప్పుడు ఏ పని ఎవరు చేసినదియు తెలియదు. ఒకనాడు ఒక ప్రవచనము ఛానెలునుండి మాయమైనచో పదిమంది మీదను అనుమానము వ్రాలును. తొమ్మండుగురు నిరపరాధులు తలవంచుకొని తిరుగవలసి వచ్చును. ఇట్టి ఔదార్యము ధర్మము కానేరదు.

కష్టపడినవాడు యజమానుడు కాడా?

ఇచ్చట కొన్ని ఆక్షేపణలు కలుగవచ్చును. మొదటిది ఇది. ఎండనక వాననక త్రిపాదిని మోసినవాడు, సొంత సొమ్ముతో మైకు కొన్నవాడు, రాత్రులు మేలుకొని వీడియోలను సరిదిద్దినవాడు ఆ యువకుడే గదా! ఛానెలును చూచువారు వందలనుండి వేలకు పెరిగినది అతని శ్రమవలననే గదా! ఇప్పుడు కమిటీవారు వచ్చి తాళపుచెవిని అడుగుట న్యాయమా?

ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. అతని శ్రమ సత్యము. దానిని గుర్తింపని సంఘము కృతఘ్నతాదోషమునకు పాల్పడును. అయితే శ్రమవలన కలుగునది కైంకర్యఫలమే గాని స్వామిత్వము కాదు. పూలమాల కట్టినవాడు తోమాలసేవ నాది యనడు. రథము లాగినవాడు రథము నాది యనడు. ఆ ఛానెలును వేలమంది చూచుచున్నది లాగినవాని ముఖము చూచుటకు కాదు, రథముపైనున్న వానిని చూచుటకు.

భరతుని చరిత్ర ఈ సందర్భమున స్మరింపదగినది. పదునాలుగు సంవత్సరములు కోసలరాజ్యభారమును వహించినవాడు ఆయన. సింహాసనముపై పాదుకలను నిలిపి, ప్రతి రాజకార్యమును ముందుగా ఆ పాదుకలకు నివేదించి, తాను నందిగ్రామమున తపస్వివలె నుండెను. శ్రీరాముడు తిరిగివచ్చినప్పుడు రాజ్యమును అప్పగించుచు కోశమును, ధాన్యాగారములను, సైన్యమును చూచుకొనుమని కోరెను. అవి యన్నియు పదిరెట్లు పెరిగియున్నవి. ఆ పెరుగుదల తన సామర్థ్యమువలన గాక రామతేజస్సువలననే కలిగినదని ఆయన విన్నవించెను. పెంచినవాడు భరతుడే, కాదనలేము. పెంచినదానిని లెక్కతో సహా తిరిగి పాదములయొద్ద నుంచగలుగుటయే ఆయన భరతత్వము.

తిరువనంతపురమున 1750వ సంవత్సరమున మార్తాండవర్మ మహారాజు తన రాజ్యమును శ్రీపద్మనాభస్వామికి సమర్పించి, పద్మనాభదాసుడను పేరుతో స్వామి సేవకుడుగా పాలించెను. రాజ్యమంతటిని అట్లు సమర్పించినవారు పుట్టిన దేశమున ఒక ఛానెలును సమర్పించుట మనకు కష్టమగునా?

పదిమంది సమక్షమున తెరచుట అవిశ్వాసమా?

రెండవ ఆక్షేపణ ఇది. ఇద్దరు ముగ్గురు యజమానులుండవలెను, ఎవరికి ఏ అధికారము కలదో వ్రాసియుంచవలెను అని నియమములు పెట్టుట భాగవతులమధ్య అవిశ్వాసమును చాటుట కాదా? ప్రేమ యున్నచోట నియమమెందుకు?

తిరుమలలో ప్రతిదినము సుప్రభాతవేళ జరుగు క్రమమును యాత్రికులు ఎరుగుదురు. సన్నిధిగొల్ల దివిటీతో ముందు నడచును. అర్చకస్వాములు కుంచెకోలను, తాళపుచెవులను గైకొని వత్తురు. జియ్యంగార్లుగాని వారి పక్షమున ఏకాంగిగాని, దేవస్థానాధికారులు అచ్చట నుందురు. పలువురి సమక్షమున బంగారువాకిలి తెరువబడును. అర్చకస్వాములయందు నమ్మకము లేకపోవుటవలన ఇట్లు ఏర్పడినదని ఎవరైన అనగలరా? స్వామి సొత్తు ఏ ఒక్కరి చేతను ఒంటరిగా తెరువబడరాదను మర్యాద అది. ఆ మర్యాద అందరిని సమానముగా రక్షించుచున్నది.

శ్రీమద్భాగవతమునందలి శ్యమంతకోపాఖ్యానము దీనినే మరింత సూక్ష్మముగా బోధించును. సత్రాజిత్తు ఆ మణిని ఉగ్రసేనమహారాజునకు ఇయ్యక తనయొద్దనే దాచుకొనెను. దానివలన తమ్ముడు ప్రసేనుని కోల్పోయెను. నిర్దోషియైన శ్రీకృష్ణునిపై నింద మోపబడెను. మణిని జాంబవంతునినుండి తెచ్చి సభలో ఒప్పగించిన పిదపగాని ఆ నింద పోలేదు. తరువాత సత్రాజిత్తు శతధన్వునిచే హతుడయ్యెను. మణి అక్రూరునియొద్ద చేరినది. అప్పుడు శ్రీకృష్ణుడు చేసినదేమి? మణిని అక్రూరునినుండి లాగికొనలేదు. బంధువులందరి ఎదుట ఒకమారు చూపుమని మాత్రము కోరెను. అక్రూరుడు చూపెను. అందరి సందేహములు తీరినవి. శ్రీకృష్ణుడు ఆ మణిని తిరిగి అక్రూరునికే ఇచ్చెను.

ఈ కథాంతమును మనము సరిగా గమనింపము. భద్రపరచువాడు ఒకడు కావచ్చును. కాని అది ఎవరియొద్ద ఎట్లున్నదో అందరికి తెలిసియుండవలెను. దాచినంతకాలము మణి నిందలను పుట్టించినది. చూపిన వెంటనే అదే చేతిలో నిష్కళంకముగా నిలిచినది. ఛానెలు అధికారములు ఎవరెవరియొద్ద నున్నవో ఒక కాగితముపై వ్రాసి ఉత్సవసమితి దస్త్రములో నుంచుట ఇట్టిదే. పాస్‌వర్డులను చాటనక్కరలేదు. పేర్లను చాటిన చాలును. అది కైంకర్యపరునికి అవమానము కాదు, కవచము.

ఉమ్మడి గొర్రె భయము

మూడవ ఆక్షేపణ మొదటి రెండింటికంటె బలమైనది. అధికారమును పలువురికి పంచినచో బాధ్యత ఎవరిదియు కాకుండ పోవును. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్లు, ప్రతివాడు మరొకడు చూచుకొనునని ఊరకుండును. ఒక్కని చేతిలోనున్నంతకాలము ప్రసారము సమయమునకు జరిగినది. నలుగురి చేతిలోనికి వచ్చిన పిదప కెమెరాకు చార్జింగు పెట్టినవాడు లేడు.

ఈ భయము నిజమే. అంతేకాదు, ఒకరు చేసిన పొరపాటు అందరిని కట్టివేయును. యూట్యూబువారి సంఘ నియమములను ఉల్లంఘించినచో మొదట హెచ్చరిక వచ్చును. పిదప స్ట్రైకు పడినచో ఒక వారము దినములు ప్రసారము చేయు వీలుండదు. తొంబది దినములలో మూడు స్ట్రైకులు పడినచో ఛానెలే తొలగింపబడవచ్చును. ఇతరులకు హక్కులున్న పాటలను అనుమతి లేక వినిపించినను చిక్కులు వచ్చును. అనుభవము లేని ఒక బాలుడు ఊరేగింపులో సినిమాపాటల రికార్డును కలిపినచో, బ్రహ్మోత్సవవారమున స్వామి ప్రసారము ఆగిపోవుటకు అది చాలును. కావున అందరికి అన్ని తాళములు ఇచ్చుట పరిష్కారము కాదు.

ఈ సందేహమునకు సమాధానము భగవద్రామానుజుల చరిత్రయందే కలదు. తిరుక్కోట్టియూర్ గోపురమునెక్కి తిరుమంత్రార్థమును కోరినవారికెల్ల వినిపించిన కరుణామూర్తి ఆయనయే. శ్రీరంగమున ఏయే పరిజనులు ఏయే కైంకర్యములు చేయవలెనో విభజించి, మర్యాదలను కట్టుదిట్టము చేసినవారును ఆయనయే. ఈ రెండింటికి విరోధము లేదు. స్వామివలన కలుగు మేలును పంచుటయందు హద్దు లేదు. స్వామి పనిని పంచుటయందు హద్దు కలదు, ఎవరి పని వారికి తెలియవలెను గనుక. గోపురముపైనుండి మంత్రమును వినిపించినవారు భండారపు తాళపుచెవిని గోపురముపైనుండి విసరలేదు.

మనము దీనినే ఇట్లు గ్రహింపవచ్చును. దర్శనము అందరిది. తాళపుచెవి కొందరిది. సొత్తు స్వామిది. ఈ మూడింటిని కలగాపులగము చేయుటవలననే కలహములు పుట్టుచున్నవి. తాళపుచెవి గలవాడు సొత్తు తనదనుకొనుట ఒక పొరపాటు. దర్శనహక్కు గలవాడు తాళపుచెవియు తనయొద్ద నుండవలెననుట మరొక పొరపాటు.

అముదనారుల తాళపుచెవి

తాళపుచెవిని అప్పగింపవలసినవాని మనస్సును గూర్చి కొంత చెప్పక ఈ విచారము ముగియదు. గురుపరంపరా కథలలో తిరువరంగత్తముదనారుల వృత్తాంతము ప్రసిద్ధము. శ్రీరంగనాథుని ఆలయాధికారము, తాళపుచెవులు వారి అధీనమున నుండెడివి. ఆలయవ్యవస్థను సంస్కరింపదలచిన శ్రీరామానుజులకు అది అడ్డంకిగా నుండెను. వారిని తొలగించి మరొకరిని నియమింపవలెనని కూడ తలచిరట. అప్పుడు పెరుమాళ్లు స్వప్నమున సాక్షాత్కరించి, అముదనారులు చిరకాలముగా తమ్ము సేవించుచున్నవారని తెలిపిరట. అంతట శ్రీరామానుజులు బలముతో గాక కూరత్తాళ్వానులద్వారా వారికి జ్ఞానోపదేశము చేయించి, ఓర్పుతో నిరీక్షించిరి. తుదకు అముదనారులు కూరత్తాళ్వానులను ఆశ్రయించి, తాళపుచెవులను తామే తెచ్చి సమర్పించిరి.

ఈ కథ ఇరుపక్షములకు పాఠము చెప్పుచున్నది. అడుగువారికి చెప్పునదేమనగా, ఏండ్ల తరబడి సేవించినవానిని స్వామి మరువడు, మీరును మరువరాదు. తాళమును మార్చుట ఒక్క నిమిషము పని. మనస్సును మార్చుటకు కూరత్తాళ్వానుల వంటివారి మధుర సాంగత్యము కావలెను. సభలో నలుగురి ఎదుట నిలదీసి పాస్‌వర్డును రాబట్టుకొన్న సంఘము ఛానెలును గెలుచుకొని ఒక భాగవతుని పోగొట్టుకొనును.

ఇచ్చువానికి చెప్పునది మరింత లోతైనది. ఆ అప్పగింతలో బాధ లేదనరాదు. ప్రతిదినము తన చేతిమీదుగా జరిగిన సేవ రేపటినుండి మరొకరి చేతిమీదుగా జరుగునన్నప్పుడు మనస్సు చివుక్కుమనుట సహజము. తాను లేకయే ప్రసారము చక్కగా జరిగిపోయినప్పుడు సంతోషముతోపాటు ఒక వెలితియు కలుగును. ఆ వెలితియే మమకారము ఆనవాలు. దానిని చూచి సిగ్గుపడక, అదియు స్వామికే సమర్పింపవలెను. అముదనారులు తాళపుచెవులను ఇచ్చి రిక్తహస్తులు కాలేదు. రామానుజ నూట్రందాది యను నూటయెనిమిది పాశురముల ప్రబంధము వారి ముఖమునుండి వెలువడినది. నేటికిని దివ్యప్రబంధముతోపాటు అది గోష్ఠులలో అనుసంధింపబడుచున్నది. తాళపుచెవులను విడువకయే యున్నచో వారి నామము ఆలయ దస్త్రములలో ఒక అధికారి పేరుగా మాత్రము మిగిలియుండెడిదేమో!

ఆచరణలో కొన్ని మర్యాదలు

పై విచారమునుండి గోష్ఠులవారు ఆచరింపదగిన కొన్ని మర్యాదలు తేలుచున్నవి. ఛానెలు ఆలయము పేరనో, సంఘము పేరనో యుండవలెను గాని వ్యక్తి సొంత ఖాతాలో నుండరాదు. యజమానులు కనీసము ఇద్దరుండవలెను. వారిలో ఒకరు ఊరిలోనే నివసించువారైన మేలు. ప్రవేశమునకు వచ్చు సంకేతసంఖ్య ఒక్కరి ఫోనునకే పోవునట్లు ఉండరాదు. పని చేయువారికి ఆ పనికి చాలినంత అధికారము మాత్రమే ఇయ్యవలెను. ప్రవచనములను చేర్చు యువకునికి ఎడిటరు అధికారము చాలును. పని ముగిసినవారి అనుమతిని వెంటనే, మర్యాదతో, వారికి తెలియజేసి తొలగింపవలెను. చెప్పకుండ తొలగించుట తలుపు మొగముమీద వేయుట వంటిది.

ఉమ్మడి గొర్రె భయము పోవుటకు, అధికారము నలుగురిదైనను ఆనాటి బాధ్యత ఒక్కరిదిగా నుండవలెను. అర్చకులలో వంతులున్నట్లే ప్రసారమునకును వంతులు ఏర్పరచి, ఏ ఉత్సవమునకు ఎవరు బాధ్యులో ముందుగానే నిర్ణయింపవలెను. ఉత్సవములన్నియు ముగిసిన పిదప స్ట్రీమ్ కీని మార్చవలెను. సంవత్సరమున కొకమారు, ఉగాదినాడు పంచాంగశ్రవణమైన పిదప, అధికారముల పట్టికను చదివి సరిచూచుకొనుట మంచి ఆచారము కాగలదు.

శరీరము అనిత్యము. తాళపుచెవి గలవారు పరమపదించినచో ఏమి కావలెనో ముందే ఆలోచింపవలెను. గూగుల్ ఖాతాలలో చాలకాలము వాడుక లేనిచో ఎవరికి వివరములు అందవలెనో ముందుగా తెలుపు ఏర్పాటు కలదు. అట్లుగాక శోకములోనున్న కుటుంబమునొద్దకు పోయి చనిపోయినవారి ఫోనును అడుగవలసిన దుఃస్థితిని సంఘము తెచ్చుకొనరాదు.

విరాళములకై చూపు క్యూఆర్ కోడును మార్చు అధికారము ఎవరికి కలదో మరింత జాగ్రత్తతో చూచుకొనవలెను. అది హుండి వంటిది. హుండిని ఎవరును ఒంటరిగా తెరువరు గదా! అట్లే, ఏది చూపవలెనో ఏది చూపరాదో తెలిసినవారికే కెమెరాను అప్పగింపవలెను. నివేదనవేళ తెర వేసినప్పుడు కెమెరా కన్నును మూయవలెను. స్వామియెదుట కన్నీరు కార్చుచున్న ఒక తల్లి ముఖమును లోకమునకు చూపు అధికారము ఎవరికిని లేదు. తాళపుచెవి పట్టినవాని చేతిలో స్వామి సొత్తుతోపాటు భక్తుల గౌరవమును ఉన్నది.

ఉపసంహారము

ఈ నియమములన్నియు పాటించినను ఎన్నడో ఒకనాడు ప్రసారము ఆగిపోవచ్చును, విద్యుత్తు పోవచ్చును, తెర నల్లబడవచ్చును. అప్పుడు భక్తులు ఒకరినొకరు నిందింపకుండుటయే ఈ మర్యాదల పరమప్రయోజనము. ఎవరి పని ఏదో అందరికి తెలిసిన గోష్ఠిలో లోపము లోపముగానే యుండును. అది అనుమానముగా మారదు. మంచముననున్న ఆ వృద్ధురాలికి కావలసినదియు ఇదియే. ఛానెలు ఎవరిదో ఆమెకు అక్కరలేదు. తెర వెలుగగనే తన పెరుమాళ్ల తిరుముఖమండలము కనబడిన చాలును.

కైంకర్యపరులెల్లరు దినమున కొకమారైనను తమను తాము ప్రశ్నించుకొందురుగాక. నాచేతిలోని ఈ తాళపుచెవిని స్వామి ఈ సాయంకాలమే తిరిగి అడిగినచో, భరతునివలె లెక్కతో సహా సంతోషముగా ఇయ్యగలనా? ఇయ్యగలను అని నిస్సంకోచముగా సమాధానము వచ్చునంతవరకు ఆ తాళపుచెవిని మోయు అర్హతకై ప్రార్థింపవలెను. అట్టి నిర్మమత్వమును శ్రీనివాసుడు మనకందరికి అనుగ్రహించుగాక!